మడత మీది గీత

ఆ గీత సంగతి నాకు ముందే తెలుసు. ఇరవై రెండేళ్ళుగా, మొన్నమొన్నటిదాకా, ఈ ఒక్క మాటా ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

గోల్‌మురిలో ఒక చిన్న సర్వే ఆఫీసు. నది కొండల మధ్య ఇరుకుగా పారే ఒక బొగ్గు ప్రాంతానికి, బ్రిటిషు కాలపు మ్యాపుల నుంచి కొత్త షీట్లు ట్రేస్ చేసేవాళ్ళం. గీసేది నేను. సరిచూసి సంతకం పెట్టేది అప్పన్న బాబాయ్. చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు మనిషి, నాకు పెన్ను పట్టడం నేర్పినవాడు.

పాత మ్యాపులో నది గట్టు నుంచి ఒక బస్తీ కిందికి సన్నని చుక్కల గీత ఉంది. సరిగ్గా మడత మీద. మడత మరకే అనుకుని వదిలేశాను.

"ఏటిరా, అన్నీ ఎక్కినాయా?"

"ఎక్కాయి బాబాయ్."

"మరి నాను సూసేదేటుంది? నీ పెళ్ళిచూపులకైతే నాను సూడాల గానీ, నీ గీతలకేటి!" నవ్వుతూ సంతకం పెట్టేశాడు.

మర్నాడు బీరువాలో అదే మ్యాపు ఇంకో ప్రతి దొరికింది. దానికి మడత లేదు. గీత ఉంది. అది పాత బొగ్గు గని సొరంగం. మా షీటు ఇంకా రెండు రోజులు ఆఫీసులోనే ఉంది. చెప్పొచ్చు. కానీ నా నౌకరీ పర్మనెంట్ అయ్యే వారం అది. భయమా? భయమని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. స్వార్థం అనే మాట రాయడానికి ఇంత కాలం పట్టింది.

మా షీటు చూసి, కింద ఏమీ లేదనుకుని, ఆ బస్తీ పక్కనే కొత్త గని తవ్వారు. రెండు ఇళ్ళు కుంగిపోయాయి. మనుషులు పొలాల్లో ఉండబట్టి బతికారు. సంతకం బాబాయ్‌ది. ఆయన్ని మ్యాపుల గదిలోంచి తీసి స్టోరుకి పంపారు. రిటైరయ్యేదాకా మళ్ళీ పెన్ను పట్టనివ్వలేదు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కూర్చున్నాను.

పోయిన ఆదివారం ఆ రెండో ప్రతి జిరాక్స్ తీసుకుని బర్మామైన్స్‌లో బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయనకి ఇప్పుడు చూపు ఆనదు. ఆయన వేలు పట్టుకుని కాగితం మీద ఆ గీత వెంట నడిపించాను. ఆ రోజు ఆయన నా మాట నమ్మి చూడకుండానే సంతకం పెట్టాడని, షీటు వెళ్ళకముందే నాకు గీత సంగతి తెలుసని చెప్పాను.

 బాబాయ్ గీత మీంచి వేలు తీయలేదు.

"సూడకుండా సైన్ సేసినానని గేపకమే నేదురా," అన్నాడు చివరికి. "సూసినాననే అనుకున్నాను. నా కళ్ళే మోసం సేసినాయనుకున్నాను, ఇన్నేళ్ళూ."

"మీ కళ్ళు మోసం చెయ్యలేదు బాబాయ్. నేను చేశాను. తప్పయిపోయింది."