అక్క గది తలుపుకు ఏ ఫోమ్?

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అక్క ఇక మెట్లెక్కలేదని తేలిపోయింది. మాది ఇందుకూరుపేట దగ్గర రోడ్డు పక్క ఇల్లు. వానలకు నీళ్లొస్తాయన్న భయంతో కింద కారు షెడ్డు, పైన కాపురం ఉండేలా కట్టించాను. బావ పోయినప్పటి నుంచి అక్క వాకాడులో ఒంటరిగా ఉంటోంది. ఎన్నిసార్లు పిలిచినా రాని మనిషి ఆపరేషన్ పుణ్యమా అని మా ఇంటికొచ్చింది. ఈసారి ఆమెను వెనక్కి పంపేది లేదని నేనూ నా భార్యా గట్టిగా అనుకున్నాం. కారును బయట నిలబెట్టి, షెడ్డుకు సున్నం కొట్టించి, బాత్రూం కట్టించి, మంచం వేసి అక్కకు గది తయారు చేశాం.

తంటా అంతా తలుపుతో వచ్చింది. రెండు రెక్కల ఇనప రేకు తలుపు అది, పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే దానిమీద దోసె పోసుకోవచ్చు. దాన్ని తీసేసి గోడ కట్టిద్దామంటే అక్క ఒప్పుకోలేదు.

“గోడ కడితే నేను రోడ్డెట్టా చూసేది? తలుపు ఉండనీరా,” అంది.

సరే, లోపలివైపు ఫోమ్ కొట్టిద్దామనుకున్నాను. వేడి ఆపడం గురించి ఈ చుట్టుపక్కల నాకు చెప్పగలిగినవాడు లేడని నా నమ్మకం. రొయ్యల్ని ఐసులో ప్యాక్ చేసి లారీలకెక్కించడంలోనే నా జుట్టు నెరిసింది మరి.

నెల్లూరులో షాపులన్నీ తిరిగి రకానికో ముక్క తెచ్చాను. థర్మోకోల్ సంగతి తెలిసిందే, ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టింది అదే. కాకపోతే గిల్లితే పూసలు పూసలుగా రాలుతుంది, చీమలు దూరి కాపురం పెడతాయి. నీలం రంగు గట్టి షీటు ఒకటుంది. నీళ్లు పీల్చదనీ, సముద్రపు చెమ్మకు అదే మేలనీ షాపాయన చెప్పాడు. కోల్డ్ స్టోరేజీ గోడల్లో పెట్టే పసుపురంగు గట్టి ఫోమ్, పఫ్ అంటారు, అదంటే నాకు మొదటి నుంచీ గౌరవం. తక్కువ మందంతోనే ఎక్కువ వేడిని ఆపుతుంది. నిప్పుకు మాత్రం ఆగదు, అందుకని పైన ఇనప రేకు కప్పాలి. ఇక వెండి కాగితం అంటించిన మెత్తటి ఫోమ్. చాపలా చుట్టి చంకలో పెట్టుకోవచ్చు, జిగురు రాసి అంటిస్తే పని అయిపోతుంది. అంత సులువుగా అయ్యే పని మీద నాకు నమ్మకం లేదు. షాపాయన ఊరికే ఇచ్చాడు కదా అని తెచ్చాను.

ఏది మంచిదో తేల్చడానికి మా వృత్తిలో ఒకటే పద్ధతి, ఐసు పెట్టి చూడటం. ఒక్కో రకంతో ఒక్కో డబ్బా చేసి, అన్నింటిలో సమానంగా ఐసు ముక్కలు వేసి, మూతలకు టేపు చుట్టి ఎండలో పెట్టాను. నా భార్య మేడ మీంచి చూసి నవ్వింది.

“ఏందయ్యా ఇది? పడుకోబోయేది మీ అక్కా, రొయ్యలా?”

“నీకేం తెలుసు, పో,” అన్నాను. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం.

సాయంత్రం మూతలు తీశాను. పఫ్ డబ్బాలో ఐసు ఇంకా గట్టిగానే ఉంది. నీలం షీటు రెండోది, థర్మోకోల్ దాని వెనక. వెండి కాగితం డబ్బాలో నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆ నీళ్లను మొక్కలకు పోసి పఫ్ కొట్టించాను. పైన రేకు కప్పించాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? బాక్సులో చిన్న సందున్నా సరుకు పాడవుతుందని జీవితమంతా పనివాళ్ల మీద అరిచిన నోరు ఇది. నొక్కితే నురుగు పొంగే డబ్బా తెచ్చి తలుపు చుట్టూ సందులన్నీ నింపేశాను. కింద రబ్బరు పట్టీ బిగించాను. మండుటెండలో లోపలి నుంచి తలుపు మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఆ రోజంతా మీసం మెలేసుకుంటూ తిరిగాను.

అక్క మాత్రం రోజురోజుకూ మాట తగ్గించింది. కంచంలో అన్నం వదిలేస్తోంది. అడిగితే బాగానే ఉన్నానంటుంది. ఒక మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని కిందికి దిగి తలుపు తీస్తే, చీర సర్దుకుని సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

“నేను వాకాడు పోతాన్రా. బస్సెక్కించు.”

నాకు ఒళ్లు మండిపోయింది. “ఇంకేం కావాల నీకు? నెల్లూరులో డాక్టర్ల ఇళ్లల్లో కూడా ఇట్టాంటి తలుపు లేదు!”

అక్క నన్ను తేరిపార చూసింది. “రేయ్, ఐసులో పెట్టి మూతేసినాక, బయటేం జరగతా ఉండాదో రొయ్యకి తెలస్తదా?”

అక్క మెల్లగా చెప్పుకొచ్చింది. చేపలామె కేక వినపడటం లేదట. బడి వదిలిన పిలకాయల గోల లేదట. తలుపు కింద నుంచి కాస్తో కూస్తో ఆడే గాలీ లేదట. ఇంత బరువు తలుపును నెట్టాలంటే కాలు సహకరించదు. ఎవరినైనా పిలుద్దామంటే పైకి వినపడదు.

“నిన్న పొద్దున అంతా పిలిచినాను. ఎవురూ రాలా,” అంది.

ఆ పొద్దున నేను పైన కూర్చుని, తలుపెంత బాగా కుదిరిందో ఎవరికో ఫోన్లో గొప్పలు చెప్పుకుంటున్నాను.

వెంటనే వెల్డింగ్ మేస్త్రీని పిలిపించాను. కుడి రెక్కను అడ్డంగా కోయించి, పై సగం విడిగా తెరుచుకునేలా చేయించాను. దానికి లోపలివైపు కప్పిన రేకూ, పఫ్ తీసేయించి, ఐసును నీళ్లు చేసిన ఆ వెండి కాగితం ఫోమే అంటించాం. దీనిపైన రేకు కప్పక్కర్లేదు కాబట్టి బరువు లేదు, ఒక్క చేత్తో తోస్తే తెరుచుకుంటుంది. సందుల్లోని నురుగును నేనే కత్తి పెట్టి గీకేశాను. గది కొంచెం వేడెక్కుతుంది, నిజమే. ఆ వేళకు పై సగం మూసుకుని, ఎండ దిగాక తెరుచుకుంటుంది అక్క.

ఇప్పుడు పొద్దున్నే చేపలామెతో ఆమె బేరమాడే గొంతు పైకి వినిపిస్తుంది. రోడ్డున పోయే ప్రతివాళ్లనీ ఎవరింటి బిడ్డవని అడుగుతుంది. కోపమొస్తే నన్ను అక్కడి నుంచే తిడుతుంది. అయినా వాకాడు ప్రయాణం సంగతి ఏమైందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పోతానంటే ఆపడానికి నా దగ్గర ఇంక ఏ ఫోమూ లేదు.

నిన్న సాయంత్రం తనే పిలిచింది. పై సగం తలుపు తెరిచి, దాని మీద మోచేతులానించి నిలబడి ఉంది.

“వాకాడుకి మనిషిని ఎప్పుడు పంపిస్తావురా?”

“ఎందుకు?” అన్నాను.

“మీ బావ ఫోటో గోడకే ఉండిపోయింది. ఆడ ఒక్కడే ఏం చేస్తాడు? ఈడికి తెప్పించు.” మంచానికి ఎదురుగా ఉన్న గోడ చూపించింది. “మేకు ఇప్పుడే కొట్టు.”

సుత్తి కోసం పైకి పరిగెత్తాను.