వంకర గ్రిప్పు, మసి కెటిల్

రైలి పగబట్టిందంటే పాము కూడా పక్కకు తప్పుకోవాలి. ఈసారి ఆ పగంతా ఒక కాఫీ కెటిల్ దగ్గర మొదలైంది.

ఉత్తరాది మంచుదేశంలోని కొక్కొలా ఊరి మోటారుసైకిళ్ల క్లబ్బుకు ఒక కట్టుబాటు ఉంది. ఏటా మే ఒకటిన, వప్పు పండుగ రోజు, అందరూ బళ్లేసుకుని కాలయోకి ఇసుకతీరం దాకా వెళ్లాలి. క్యాలెండర్‌లో అది వసంతం కాబట్టి, నెత్తిన మంచు పడుతున్నా సరే, చలికాలపు చేతితొడుగులు వేసుకోకూడదు. దారిలో చేతులెత్తేసినవాళ్లు మసిబారిన కెటిల్‌ని అందుకోవాలి. ఆ తర్వాత ఏడాది పొడుగునా గురువారం గురువారం అందరికీ కాఫీ కాయాలి. బండి చెడిపోతే మాత్రం తప్పు బండిది, మనిషికి శిక్ష లేదు.

నిరుడు ఆ కెటిల్ రైలికి వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా చేపల ఫ్యాక్టరీ మంచుగదిలో పని. చలి తగిలితే కుడిచేతి రెండు వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. సగం దారిలో ఆ వేళ్లు బ్రేకు పట్టనన్నాయి. ఇంకొకరైతే నెపం బండి మీదకు తోసేవారు. రైలి మాత్రం, "చేతులు పనిచెయ్యట్లేదు" అని ఉన్నమాట చెప్పింది. క్లబ్బు పెద్ద అర్మాస్, ఊళ్లో బళ్లు బాగుచేసే షెడ్డు కూడా అతనిదే, ఆమెను వెనకాలే వచ్చే క్లబ్బు వ్యానెక్కించాడు. తీరం చేరాక అందరి ముందూ, "బండి మీద రావాల్సిన మనిషి సరుకై వచ్చింది చూడండ్రా" అని పగలబడి నవ్వాడు. అక్కడితో ఆగాడా? చలికాలమంతా ఏ ఆవిరిగదిలో కూర్చున్నా అదే కథ. గురువారం వస్తే కప్పు చాపి, "ఏం సరుకు తల్లీ, ఇవాళ కాఫీ పల్చబడిందే" అనేవాడు. అలా యాభై గురువారాలు. రైలి కాఫీ పోసింది, పళ్లు నూరింది.

ఏప్రిల్ చివర్లో ఆమె బండి హ్యాండిల్ గ్రిప్పుల కింద చుట్టే, బ్యాటరీతో వేడెక్కే పట్టీలు తెప్పించుకుంది. తొడుగులు వద్దన్నారు గాని, గ్రిప్పులు వేడిగా ఉండకూడదని ఎవరూ అనలేదు.

"షెడ్డుకు తీసుకెళ్తే అరగంట పని కదే" అంది అక్క తూలిక్కి.

"వాడి షెడ్డుకా? చచ్చినా వెళ్లను."

"పోనీ పట్టీలతో వచ్చిన ఆ కాగితమైనా చదివి చెయ్యి."

"చేపల్ని కొయ్యడం ఏ కాగితం చదివి నేర్చుకున్నానక్కా?"

చేపలు కోసే కత్తితోనే పాత గ్రిప్పులు చీల్చి పారేసింది. పట్టీలు చుట్టింది. కొత్త గ్రిప్పుల్లో, ఆరాక అతుక్కునేలా, జుట్టుకు కొట్టే స్ప్రే కొట్టి, మెలితిప్పుతూ ఎక్కించింది. వైర్లు బ్యాటరీకి కలిపి నల్ల టేపుతో చుట్టేసింది. అన్నీ ఆరాక స్విచ్ వేస్తే గాని అసలు సంగతి బయటపడలేదు. ఎడమవైపు ఉట్టి ఇనప గొట్టం, వేడిని తాగేస్తుంది. అందుకని దానికి ఎక్కువ వేడెక్కే పట్టీ ఇస్తారు. కుడివైపు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, తక్కువ వేడెక్కే పట్టీ చాలు. ఈవిడ ఇటుది అటు చుట్టింది. కుడి గ్రిప్పు పెనంలా కాలింది, ఎడమది గోరువెచ్చన దాటలేదు. పైగా ఎడమ గ్రిప్పు వంకరగా అతుక్కుపోయింది. స్విచ్ తలకిందులు.

"పీకి మళ్లీ వెయ్యవే" అంది తూలిక్కి.

పీకితే పట్టీలు చిరుగుతాయి. పండుగ ఎల్లుండే. రైలి కుడి గ్రిప్పు మీద రెండు వేళ్లూ ఆనించి కూర్చుంది. కాసేపటికి వాటిలోకి రక్తం వచ్చింది.

"ఉండనీ అక్కా. కుడిచెయ్యి కాలుతుంది, ఎడమచెయ్యి బతుకుతుంది. నాకదే చాలు."

వప్పు నాడు తెల్లారి నుంచీ వానా మంచూ కలిసి కొట్టింది. సగం దారిలో, చెట్ల మధ్య చావిడి దగ్గర అందరూ ఆగారు. అప్పటికి రైలి కుడి అరచెయ్యి ఎర్రగా పొంగింది, ఎడమచేతి చిటికెనవేలు ఉందో లేదో తెలియలేదు. అయినా కెటిల్ బాధ్యత ఇంకా ఆమెదే కాబట్టి నిప్పు రాజేసి కాఫీ కాచింది.

అర్మాస్ బండి దిగి దూరంగా నిలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"నా బండిని వ్యాన్‌లో ఎక్కించండ్రా. క్లచ్ తీగ బిగుసుకుపోయింది, లాగితే రావట్లేదు" అన్నాడు.

ఊరందరి బళ్లూ బాగుచేసేవాడి బండికి క్లచ్ బిగుసుకుందట! రైలి నెమ్మదిగా లేచి అతని బండి దగ్గరికి వెళ్లింది. చలికి సగం చచ్చిన ఆ ఎడమచేత్తోనే క్లచ్ లాగింది. వెన్నలా వచ్చింది. వదిలింది. అందరూ చూసేలా మళ్లీ లాగింది.

"తీగ బానే ఉంది అర్మాస్" అంది.

తర్వాత నిప్పు పక్కన దించిపెట్టిన కెటిల్ తీసుకొచ్చి అతని ముందు చాపింది. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం చూసుకుంది. కలగలేదు. ఆవిరి అర్మాస్ మొహానికి తగిలింది. దాన్ని పట్టుకుంటే ఓటమి ఒప్పుకున్నట్టేనని అతనికి తెలుసు, చుట్టూ ఉన్న పదిహేనుమందికీ తెలుసు. అయినా చంకల్లోంచి చేతులు వాటంతటవే బయటికొచ్చాయి. చలికి కొయ్యబారిన రెండు చేతులతో కెటిల్‌ని గుండెకు హత్తుకున్నాడు.

"గట్టిగా పట్టుకో" అంది రైలి. "సరుకు జాగ్రత్త."

ఒకడు కిసుక్కుమన్నాడు. దాంతో అందరూ అందుకున్నారు.

బయల్దేరేముందు వ్యాన్ కిటికీలోంచి అర్మాస్ ఆమె బండి వంక చూశాడు. "నీ ఎడమ గ్రిప్పు వంకరగా ఉంది" అన్నాడు.

"అవును. నేనే బిగించాను" అని రైలి స్టార్టు చేసింది.

తర్వాతి గురువారం అర్మాస్ కాచిన కాఫీ కడుగునీళ్లలా ఉంది. క్లబ్బంతా మొహాలు మాడ్చుకుని కప్పులు పక్కన పెట్టేసింది. రైలి మాత్రం, అరచేతిలో పొక్కు ఇంకా మానని కుడిచేత్తో కప్పు పట్టుకుని, చివరి చుక్క దాకా తాగింది.

"బాలేదు" అంది, కప్పు చాపుతూ. "అయినా తాగొచ్చు. ఇంకో కప్పు పొయ్యి."