నా పెళ్లికి నేనే చెప్పిన అభ్యంతరం

నాకు ముక్కు మీద కోపం. ఎవరో అన్న మాట కాదిది, నేనే ఒప్పుకుంటున్నాను. ఆఫీసులో ఫైళ్లు విసిరాను, ఇంట్లో గ్లాసులు విసిరాను. ఒకసారి మిక్సీ జారుకు మూత సరిగా పట్టడం లేదని ఆ జారునే గోడకేసి కొట్టాను. కోపం ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోతుంది, కడుపులో ఏమీ దాచుకోను అని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా అది నా మంచిగుణమనే అనుకున్నాను.

రాంగోపాల్‌పేట్‌లో మేడమీద రెండు గదుల ఇల్లు మాది. అమ్మా, నేనూ. నాన్న పోయి పదకొండేళ్లయింది. ఉన్నన్నాళ్లూ ఆయన అమ్మను కొట్టాడు. తాగి కొడితే ఒక సాకైనా దొరికేది. ఆయన చుక్క ముట్టేవాడు కాదు. కూరలో ఉప్పు తగ్గితే బెల్టు. ఉప్పు సరిపోయిన రోజున, ఇన్నాళ్లూ ఎందుకు సరిపోలేదని చెప్పుతో. నాకు పదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం అమ్మ జుట్టు పట్టుకుని తలను ఇనప బీరువాకేసి కొట్టాడు. బీరువా తలుపు సొట్ట పడింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరికి, టీచరాంటీ ఇంటికి పరుగెత్తాను.

టీచరాంటీ మా చర్చిలో సండే స్కూల్ చెప్పేది, బడిలో తెలుగు చెప్పేది. ఆ రోజు చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా వచ్చింది. అమ్మ తలకు తువ్వాలు అదిమిపట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఏడు కుట్లు పడ్డాయి. డాక్టరు అడిగితే "స్టూలు మీదికెల్లి పడ్డది సార్" అని ఆంటీయే చెప్పింది. నాన్నను ఒక్క మాట అనలేదు, ఆయన మారాలని ప్రార్థన చేసింది. కానీ ఆ వారమంతా మేం తిన్నది ఆమె వండిన అన్నం, నేను పడుకున్నది ఆమె పక్కన. అందుకే ఆమె మీద ఎంత కోపం వచ్చినా నాకు నోరు పెగిలేది కాదు.

నాన్నను సమాధి చేసి వచ్చిన రోజే నేను తీర్మానించుకున్నాను. ఇక ఈ ఇంట్లో ఎవరి చెయ్యీ లేవదు. భర్త అనే పేరుతో ఏ మగవాడూ ఈ గడప లోపలికి రాడు. నాకు పెళ్లి వద్దు. ఈ మాట అమ్మకు చెప్పాను, ఆంటీకి చెప్పాను. అమ్మ తల ఊపింది. ఆంటీ మాత్రం "గట్ల అనకు బిడ్డా, అందరు మొగోళ్లు మీ నాన్న లెక్క ఉంటరా ఏంది?" అని, ఆ నెలలోనే పని షురూ చేసింది.

మావాళ్లలో పెళ్లిచూపులను పెళ్లిచూపులనరు. ప్రార్థన కూడిక అంటారు. అప్పటికి ఆంటీ రిటైరై ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాటు కొనుక్కుంది. అక్కడ కూడిక పెట్టి, పాటలు పాడడానికి రమ్మని నాకు ఫోన్ చేసేది. వెళితే నా ఎదురుకుర్చీలో ఇస్త్రీ మడతలు నలగని చొక్కాలో ఒకడు, వాడి పక్కన వాళ్లమ్మ. రెండోసారికే నాకు గుర్తులు తెలిసిపోయాయి. మామూలు కూడికయితే కాగితం ప్లేటులో సమోసా, నా కోసం పెట్టిన కూడికయితే పింగాణీ ప్లేటులో కేకు. పింగాణీ కనబడగానే అరికాలి మంట నెత్తికెక్కేది. మూడోసారి ఆ ప్లేటును అక్కడే నేలకేసి కొట్టి వచ్చాను. వాళ్లమ్మ చీర మీద క్రీమ్ పడింది. మరుసటి ఆదివారం ఆంటీ నన్ను చూసి నవ్వి, "కోపం గుడ అందమే నీకు" అంది. ఇట్లా తొమ్మిదిమంది.

పదోవాడు వీళ్లందరిలోకీ మెత్తనివాడు. నలభై దాటాయి, ఏదో ఆఫీసులో ఉద్యోగం. ప్రార్థన చేయమంటే పావుగంట చేశాడు. వద్దని ఆ సాయంత్రమే ఆంటీకి చెప్పాను. ఆంటీ సరేనంది. సరేనని, నేను ఆఫీసు నుంచి ఏ టైముకు ఏ స్టేషన్లో రైలెక్కుతానో వాడికి చెప్పింది.

ఎమ్మెమ్‌టీఎస్ ప్లాట్‌ఫారం మీద నా ముందుకొచ్చి నిలబడ్డాడు. రెండు నిమిషాలు మాట్లాడాలన్నాడు.

"వద్దని చెప్పిన గదండీ ఆంటీకి."

"చెప్పిండ్రు. మీరు పైకి గట్లనే అంటరు గని, లోపట ఇష్టమే ఉంటదని ఆంటీ అన్నరు."

"లోపట సుత వద్దే. జరగండి, రైలొస్తుంది."

నేను పక్కకు తిరిగాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా ఏమీ కాదు. పెన్ను పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. కానీ పట్టుకున్నాడు. నా రెండో చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఉంది. దాన్ని ఎత్తి వాడి మొహం మీద కొట్టాను.

ఒక్క దెబ్బతో ఆగి ఉంటే నన్ను నేను కాపాడుకున్నాననేదాన్ని. వాడు చెయ్యి వదిలేశాక రెండోది కొట్టాను. కనుబొమ్మ చీలి రక్తం కళ్లల్లోకి కారుతుంటే, వాడు వంగి రెండు చేతులతో మొహం పట్టుకున్నాడు. అట్లా వంగినవాడి నడినెత్తి మీద మూడోది. క్యారియర్ ఊడి గిన్నెలు దొర్లుకుంటూ పట్టాల మీద పడ్డాయి. జనం మూగారు. "ఏం చేసిండమ్మా?" అని ఒక పెద్దాయన అడుగుతున్నాడు. వాడి తెల్లచొక్కా బొత్తాముల దాకా ఎర్రగా తడిసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మూడో దెబ్బ నాకు హాయిగా ఉంది. ఇంటికొచ్చాక కూడా చేతులు దురదపెట్టాయి. ఇంకా కొట్టాలని.

రెండు రోజులకు ఆంటీ ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, వాడికి అయిదు కుట్లు పడ్డాయని చెప్పింది.

"పోలీసు కంప్లయింటు ఇస్తనన్నడా?" అన్నాను.

"ఛ, గసుంటోడు కాదు. మాఫ్ చేసిండు నిన్ను. తప్పు నాదే, చెయ్యి పట్టుకునేది ఉండకుండె అన్నడు. ఇంత దెబ్బ తిని గింత మాట అనేటోడు దొరుకుతడా బిడ్డా? నీ చెయ్యికి తట్టుకునేటోడు దొరికిండనుకో."

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. నా చేతిలో టీ కప్పు ఉంది. అది ఆంటీ తల పక్కనుంచి వెళ్లి గోడకు తగిలింది. టీ కారుతూ గోడ మీద పెద్ద మరక. "ఇంకోసారి వాని పేరెత్తితే ఆంటీ, ఈ మెట్ల మీదికెల్లి నిన్నే తోస్త" అన్నాను. ఎన్నడూ మీరు తప్ప నువ్వు అనని మనిషిని. ఆంటీ లేచి, చీర కొంగు మీద పడ్డ పెంకులు దులుపుకుని వెళ్లిపోయింది. అమ్మ చీపురు తెచ్చి ఊడ్చింది. ఇక పీడ ఖతమైందనుకుని నేను ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా ఆమెకూ ఫలానా ఆయనకూ వివాహం, ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయవలెను అని. ఇంటి పెద్దలు ఫారం నింపి సంతకం పెడితే చాలు. పిల్లను పిలిచి అడిగే అలవాటు లేదు, ఆ అవసరం ఎన్నడూ పడలేదు. అభ్యంతరం చెప్పినవాళ్లూ లేరు. ఆ వాక్యం చదివాక సెక్రటరీ ఊపిరి కూడా తీసుకోకుండా కానుకల లెక్కలోకి వెళ్లిపోతాడు.

ఆ ఆదివారం నేను ముందు వరసలో, పాటల బృందంలో ఉన్నాను. సెక్రటరీ కాగితం విప్పి చదివాడు. మొదట నా పేరు వినబడింది. తర్వాత నాన్న పేరు, ఆయన కూతురునని. తర్వాత వాడి పేరు. "ఇది మొదటి ప్రకటన." వెనక నుంచి ఆడవాళ్లు నా వైపు చూసి నవ్వుతున్నారు. పక్కనున్న పిల్ల నా చెయ్యి నొక్కి "చెప్పనే లేదక్కా" అంది. నాకు అర్థమైంది. నలుగురిలో మూడుసార్లు చదివితే సిగ్గుకైనా నోరు మూసుకుంటానని ఆంటీ లెక్క.

లేచి నిలబడ్డాను. "నాకు అభ్యంతరం ఉంది."

సెక్రటరీ కళ్లజోడు మీదుగా చూశాడు. "అమ్మా, అది వేరేవాళ్లు చెప్పాలె. పెళ్లికూతురు చెప్పేది ఉండదు."

"పెళ్లే లేనప్పుడు పెళ్లికూతురెక్కడిదండీ? నన్ను అడగకుండ నా పేరు రాసిండ్రు. అభ్యంతరం నాదే, రాసుకోండి."

చర్చిలో లొల్లి మొదలైంది. పోయినేడే బదిలీ మీద వచ్చిన పాస్టరుగారు లేచి, మళ్లీ కూర్చున్నారు. ఆంటీ తన బెంచీ నుంచి లేచి గబగబా నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. ఆమెను ఆపుదామని వెనకే అమ్మ. "కూసో" అంది ఆంటీ పళ్ల బిగువున. "దేవుని ఇంట్ల ఇజ్జత్ తీస్తున్నవ్. కూసో." నేను కూర్చోలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి, నన్ను పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి, చెయ్యి చాచి నా చెంప మీద కొట్టింది.

కళ్లు బైర్లు కమ్మాయి. నా చెయ్యి దానంతటదే లేచింది. మంచి ఎత్తుకు లేచింది, పిడికిలి బిగిసి ఉంది, ఆ దెబ్బ పడితే ఆ ముసలామె మళ్లీ లేచేది కాదు.

పడలేదు. ఎందుకంటే ఆంటీ పక్కన అమ్మ ఒక్కసారిగా కిందికి కుంగిపోయింది. రెండు మోచేతులూ తల మీదికి తెచ్చుకుని, బెంచీ అంచుకు ఒదిగి, కళ్లు గట్టిగా మూసుకుంది. ఆమెను ఎవరూ తాకలేదు. నా చూపు కూడా ఆమె మీద లేదు. అయినా ముడుచుకున్నది అమ్మే.

నేను చెయ్యి దించాను. ఆంటీ అమ్మను చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత సెక్రటరీ వైపు తిరిగి, "కొట్టెయ్యండి అయ్యా. నేనే రాయించిన. కొట్టెయ్యండి" అంది. పెళ్లి అట్లా తప్పింది.

ఇంటికి ఆటోలో వచ్చాం. అమ్మ తెల్లచీర విప్పి మడత పెడుతుంటే, ఫారం మీద సంతకం ఎవరు పెట్టారని అడిగాను.

"నేనే."

"ఆంటీ బలవంతం చేసిందా?"

"లేదు."

"మరెందుకు పెట్టినవ్? చెప్పు."

"అరవకు. చెప్త."

నేను అరుస్తున్నానని నాకు తెలియదు. మామూలుగా అడుగుతున్నాననే అనుకున్నాను. అమ్మ చీరను మంచం మీద పెట్టి, నా మొహం చూడకుండా చెప్పింది.

"మీ నాన్న పోయిన్నాడు ఏడ్సిన గని, లోపట ఊపిరాడింది బిడ్డా. ఆరు నెలలు మంచిగుంటి. తర్వాత నీకు గుడ ఆ కోపం మొదలైంది."

"నేనెప్పుడన్న నిన్ను కొట్టిన్నా?"

"కొట్టలే. మీ నాన్న సుత రోజు కొట్టలే. కొడ్తడేమో అనేదే ఎక్కువుండె. ఇప్పుడు నువ్వు మెట్లెక్కుతుంటే ఆ అడుగు చప్పుడు ఇంటుంట. ఇయ్యాల ఏ మొహంతోని వస్తదో అని. నీకు పెళ్లయి పోతే జెర నిమ్మళంగ ఉందామనుకున్న. నీ మంచికని ఆంటీ అనుకున్నది. నేను నా మంచికే అనుకున్న."

అప్పుడు కూడా, దేవుడా, నాకు మొదట వచ్చింది కోపమే. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెడతానోనని అమ్మ నా చేతినే చూస్తోంది. బల్ల మీద పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టడం నాకు చాలా కష్టమైంది. ఈ ఇంట్లోకి మగవాడు రాకూడదని పదకొండేళ్లు గుమ్మంలో కాపలా కాసింది నేను. అమ్మకు భయమేమో లోపల ఉన్న నేనంటే.

ఆ నెలాఖరుకు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. వెతికి పెట్టింది ఆంటీయే. ఎందుకని అడగలేదు, సామాను దింపుతుంటే కొత్త చీపురు తెచ్చిచ్చి వెళ్లింది. అమ్మ ఒక్కతే రాంగోపాల్‌పేట్‌లో ఉంటుంది. కొంచెం ఒళ్లు చేసింది. నేను వెళ్లే ముందు ఫోన్ చేసి వెళతాను.

పోయిన శనివారం ఫోన్ కలవక, చెప్పకుండానే వెళ్లాను. మెట్లు సగం ఎక్కేసరికి లోపల నుంచి పాట వినబడింది. ఏదో పాత పాట, సగం మాటలు, సగం కూనిరాగం, మధ్యలో గిన్నెల చప్పుడు. అమ్మ ఇంట్లో పాడగా నేను ఎన్నడూ వినలేదు, ఆమెకు పాట వచ్చని కూడా తెలియదు. తలుపు కొడితే ఆగిపోతుంది. అందుకని చప్పుడు కాకుండా మెట్ల మీదే కూర్చున్నాను.