పెద్ద ఝూలా ఆగిపోయిన సాయంత్రం

మొన్న ఆదివారం మా మనవరాలి స్నేహితులు ఐదుగురు మా ముందరి గదిలో చేరి, ఫోన్లు మధ్యలో పెట్టుకుని, హైవే మీద హైదరాబాదు వైపు వెలసిన ఆటల పార్కు గురించి చాలాసేపు వాదించుకున్నారు. పార్కు వాళ్లు పక్కనున్న చెరకు చేలు కూడా కొని ఇంకా పెంచుతున్నారట, తలకిందులుగా తిప్పే కొత్త బండి ఒకటి తెస్తున్నారట, టికెట్టు మీద ఊరి పన్ను కూడా పెరగబోతున్నదట. పోయిన నెల పెట్టిన లేజర్ లైట్ల ఆట బాగుందని ఇద్దరు, పాత నీళ్ల ఆటే నయమని ముగ్గురు. నేను ఓ పక్కన కూర్చుని కందికాయలు ఒలుచుకుంటూ వింటున్నాను. వాళ్లలో ఒకడు విసుగ్గా, "అసలు ఆటల మీద పన్నెందుకు ఏస్తరు?" అన్నాడు. మా మనవరాలు నవ్వి నన్ను చూపించింది.

"మా నానమ్మను అడుగు. ఆమె చేసిన నౌకరి గదే."

వాళ్లకు ఏదో చెప్పాను గానీ సగమే చెప్పాను. మిగతా సగం నా ఈడు వాళ్లతో చెప్పుకోవలసినది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో బతికిన వాళ్లకే అది సరిగా అర్థమవుతుంది.

మా నాయన పోయిన మరుసటేడు, నా ఇరవై రెండో ఏట, జహీరాబాద్‌లో వినోదపు పన్ను ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే, ఆ జీతమే మాకు ఆధారం. సినిమా హాళ్లకూ డేరా ఆటలకూ టికెట్టు పుస్తకాల మీద ముద్ర వేయడం, ఆట జరిగే చోటికి పోయి చూసి రావడం, చూసింది కాగితం మీద రాయడం నా పని. ఆడపిల్ల డేరాల చుట్టూ తిరగడమేమిటని చుట్టాలు గొణిగేవారు గానీ, అమ్మ మాత్రం నేను ఇంటికి రాగానే ఎదురుగా కూర్చుని, ఏ ఆటలో ఏముందో పూసగుచ్చినట్టు చెప్పించుకునేది.

ఆ ఏడు చలికాలం చివర రోడ్డు పక్క మైదానంలో నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్, దిగింది. గాజుల దుకాణాలు, మిర్చి బజ్జీలు, బొమ్మ తుపాకీతో బుగ్గలు, అదే బెలూన్లు, పేల్చే ఆట ఎప్పుడూ ఉండేవే. కొత్తగా వచ్చింది పెద్ద ఝూలా. ఇప్పటి పిల్లలు జెయింట్ వీల్ అంటారే, అదే. పన్నెండు ఊయల పెట్టెలతో, రెండంతస్తుల మేడకంటే ఎత్తుగా, పటాన్‌చెరు నుంచి వచ్చే బస్సు మలుపు తిరగకముందే కనిపించేది. దాని యజమాని బీదర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. నుదుటి మీద పెద్ద బొట్టు, కాసెపోసి కట్టిన చీర. మరాఠీ, కన్నడం, ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేది. ఊరంతా ఆమెను మౌసీ, అంటే పిన్నీ, అని పిలిచేది.

దర్జీ పని చేసే మా మేనమామకు ఆ ఝూలా పిచ్చి పట్టుకుంది. కుట్టు మిషను మూసేసి రోజూ సాయంత్రం మైదానానికి పోయేవాడు. అక్కడ చాయ్ బండి దగ్గర ఆయనలాంటి వాళ్లే పది పన్నెండు మంది జమయ్యేవారు. అల్లం వ్యాపారి, బస్సు కండక్టరు, మొగుడంపల్లి నుంచి ట్రాక్టరు మీద వచ్చే చెరకు రైతు, ఇంకెవరెవరో. వచ్చే ఏడు మౌసీ రెండో ఝూలా తెస్తుందా, పడవలాగా ఊగే కొత్త ఆట తెస్తుందా, పన్ను పెంచితే ఆమె ఈ ఊరు వదిలి గుల్బర్గా వైపు పోతుందా అని వాళ్ల చర్చ ఎంతకీ తెగేది కాదు. నేను పక్క నుంచి పోతే "ఇగో, సర్కారొచ్చింది" అని మామ ఏడిపించేవాడు. మొన్న మా ముందరి గదిలో కూర్చున్న పిల్లలకూ వాళ్లకూ నాకేమీ తేడా కనిపించలేదు.

ఇక నేను చేసిన తప్పు. ఝూలా తిప్పడానికి అనుమతి ఇచ్చేముందు, కరెంటు పోతే నడపడానికి వేరే ఆయిల్ ఇంజను ఉందా, అది పని చేస్తుందా అని చూసి రాయాలి. చూడడానికి నేను పోయిన రోజు మిట్టమధ్యాహ్నం, చలికాలం పోకముందే తల మాడిపోయే ఎండ. మౌసీ నన్ను నీడలో కూర్చోబెట్టి, అల్లం దంచి చాయ్ పెట్టి ఇచ్చింది. తాడిపత్రి పట్టా కప్పి ఉన్న ఒక ఆకారం చూపించి, "గదే ఇంజన్ బేటీ, మస్తు నడుస్తది" అన్నది. లేచి ఆ తాడిపత్రి ఎత్తి చూడడానికి పది అడుగులు. నేను లేవలేదు. "ఇంజను చూశాను, పని చేస్తున్నది" అని రాసి సంతకం పెట్టాను.

వారం తిరగకముందే ఒక సాయంత్రం, పొద్దు గుంకే వేళ, కరెంటు పోయింది. నేను టికెట్టు గది దగ్గర ఉన్నాను. పాటల మైకు ఆగిపోయింది, లైట్లు ఆరిపోయాయి, ఝూలా కిర్రుమని ఒక్క కుదుపుతో నిలబడిపోయింది. మొదట్లో జనం ఈలలు వేసి నవ్వారు. అంతలో పడమటి నుంచి గాలి లేచింది. పైన పెట్టెలు ఊగడం మొదలయ్యాక నవ్వులు ఆగిపోయి పిల్లల ఏడుపులు వినిపించాయి. మామ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కను నేనే ఎక్కించిన బిడ్డా. పైన ఉంది."

తలెత్తి చూస్తే అన్నిటికంటే పైనున్న పెట్టెలో అమ్మ పసుపు చీర. పక్కన ఎవరో ఒకామె, ఆమె ఒళ్లో చంటిపిల్ల. అందరూ ఇంజను, ఇంజను అని అరుస్తున్నారు. నేను పోయి తాడిపత్రి లాగేశాను. ఇంజను పక్కన తిరగాల్సిన చక్రమే లేదు. మౌసీ తల పట్టుకుని నేల మీద కూలబడింది. ఆ చక్రం పగిలితే బాగు చేయించడానికి బీదర్ పంపిందట, ఇంకా రాలేదట.

"చూసినవ్ గదా, నువ్వే రాసినవ్ గదా!" అన్నాడు మామ.

"చూడలే మామా. చూడకుంటనే రాసిన."

ఆ మాట అంతమందిలో నా నోట ఎలా వచ్చిందో తెలియదు. మామ చాయ్ బండి వైపు తిరిగి తన జట్టునంతా పేర్లు పెట్టి కేకేశాడు. చెరకు రైతు ట్రాక్టరు ట్రాలీలోంచి మోకులు పట్టుకొచ్చాడు. వాటిని ఝూలా చక్రం ఆకులకు కట్టి, జనం కూడా కలిసి, అటు పదిమంది ఇటు పదిమంది పట్టుకున్నారు. అందరూ దిగి ఒక వైపే ఒక్కసారిగా ఖాళీ అయితే అవతలి వైపు బరువుకు చక్రం గిర్రున తిరిగిపోతుంది. రోజూ చూసి చూసి ఆ సంగతి మామకు కంఠతా వచ్చింది.

"ఒక్క దిక్కే దించకున్రి! ఇటు ఒక్క పెట్టె దించినంక అటు దిక్కుది దించాలె. జర మెల్లగ!" అని అరుస్తూనే ఉన్నాడు. చుట్టూ నిలబడిన వాళ్లు పైకి చూస్తూ, పెట్టెల్లో ఉన్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ ధైర్యం చెబుతున్నారు.

కిందికి వచ్చిన పెట్టె కదలకుండా పట్టుకునే పని నాది. ఒక్కో పెట్టె దిగుతుంటే ఇనుప కడ్డీని రెండు చేతులా కౌగిలించుకుని నిలబడ్డాను. అరచేతులు దోక్కుపోయినట్టు తర్వాత ఇంట్లో చూసుకుంటే తెలిసింది. అమ్మ పెట్టె ఒకసారి కిందికి వచ్చింది. నేను కడ్డీ పట్టుకోగానే అమ్మ చంటిపిల్లనూ ఆ తల్లినీ దించింది. తను కదలలేదు.

"నేను దిగితే ఈ దిక్కు ఖాళీ అయితది గదా? మీ మామ అరుస్తుండు, వినవడ్తలేదా? అటు దిక్కోళ్లను దించున్రి ముందు." అని మళ్లీ పైకి పోయింది. నేను వద్దని ఏడుస్తున్నా వినలేదు.

ఆఖరి పెట్టెలో ఆఖరి మనిషిగా మా అమ్మ దిగింది. నేను ఆమెను పట్టుకుని నిలబడితే, ఆమె కొంగు సర్దుకుని, "పైకెళ్లి చూస్తే మా ఊరు ఝరాసంగం దిక్కంత కనవడ్డది. జొన్న చేలు, ఇండ్లల్ల దీపాలు. గంత దగ్గరుంటదని నాకెన్నడు తెల్వదు" అన్నది. మోకులు వదిలేసిన మగవాళ్లు నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. మామ మాత్రం మొహం తువ్వాలలో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా గుండెల మీది బండరాయి దిగినట్టయింది. దించుకోవలసినది ఇంకొకటి ఉంది.

తెల్లారి ఆఫీసు తెరవగానే పెద్ద సారు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. అమ్మతో ఇంట్లో ముందే చెప్పి వచ్చాను, పోతే పోనీ అన్నది. ఆయన నా పాత కాగితం బయటికి తీయించి, నా చేతనే దాన్ని కొట్టివేయించి, ఇంజను నడిచేదాకా ఝూలా తిరగకూడదని కొత్తది రాయించాడు. నాకు మెమో ఇచ్చాడు. "ఇగ నుంచి నీ కండ్లతోని చూడందే ఏం రాయొద్దు" అన్నాడు. అంతే. బయటికి వచ్చి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను.

ఝూలా ఆగిన ఆ నాలుగు రోజులు మామ జట్టు చాయ్ బండి దగ్గర దిగులుగా కూర్చుంది. పన్ను తీసుకునేవాళ్లు ఆట కూడా బంద్ పెడతారా అని అల్లం వ్యాపారి నా మొహం మీదే అన్నాడు. మౌసీ నాతో మాట్లాడదేమో అనుకున్నాను. బీదర్ నుంచి చక్రం రాగానే ఆమే ఆఫీసుకు వచ్చి నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయింది. ఇంజను నా ముందే మూడుసార్లు ఆపి మూడుసార్లు నడిపించింది. "నేను జూట్ చెప్పిన బేటీ. నువ్వు నమ్మినవ్. ఇద్దరిదీ తప్పే" అన్నది. ఆ సాయంత్రం మొదటి పెట్టెలో అమ్మా నేనూ ఎక్కాం. ఎత్తంటే నాకు భయం, కళ్లు మూసుకునే ఉన్నాను. అమ్మ మాత్రం ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ పోయింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూడకుండా ఒక్క అక్షరం రాయలేదు. పోయిన నెల మనవరాలు బలవంతంగా ఆ కొత్త పార్కుకు తీసుకుపోతే, నేను ఏ ఆటా ఎక్కలేదు గానీ, ప్రతి బండి కదిలేముందు ఒక అమ్మాయి వచ్చి పట్టీలన్నీ లాగి చూడడం, ఇంకొకరు మళ్లీ చూడడం, ఖాళీ బండిని ముందొకసారి తిప్పి చూడడం గమనిస్తూ నిలబడ్డాను. ఒకసారి కరెంటు పోయింది. లైట్లు ఒక్కసారి రెప్పలార్చాయి, బండి ఆగలేదు, ఎవరూ తలెత్తి చూడలేదు. మనవరాలు జుట్టు చెదిరిపోయి కేరింతలు కొడుతూ దిగి వస్తుంటే, ఈ పిల్లలకు అలాంటి సాయంత్రం రాదు కదా అని ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అయితే అక్కడి వేలమందిలో పైన ఎవరున్నారో కింద ఎవరికీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఆ అవసరం లేకపోవడమే మంచిదని నా మనసుకు నచ్చజెప్పుకుంటాను, అది చాలావరకు ఒప్పుకుంటుంది కూడా. ఎప్పుడైనా ఒప్పుకోని రోజున, పైకి చూస్తూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచిన ఆ గొంతులు వినాలనిపిస్తుంది.