చేపల పులుసు మీద వేసిన నింద

మనిషి మీద నింద వేస్తే ఏదో ఒకనాడు క్షమాపణ చెప్పుకుని బయటపడొచ్చు. చేపల పులుసు మీద నింద వేసి, అదీ నెల్లూరు జిల్లాలో వేసి, ఇంకా ప్రాణాలతో తిరుగుతున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం ఇప్పుడు మీకు చెబుతాను. నవ్వండి, ఏమీ అనుకోను. చెబుతున్నంతసేపూ నా చెవులు వేడెక్కుతూనే ఉంటాయి. అది మీకు కనపడదు, అదొక్కటే నాకు మిగిలిన సుఖం.

అప్పట్లో నేను కోట అనే ఊళ్ళో మస్తాన్ అన్న ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పనిచేసేవాణ్ణి అన్నది నా మాట. అన్నని అడిగితే "వీడు ఈడ కూర్చోనుంటాడు" అనేవాడు. డిజిటల్ కెమెరా గురించి నాకు తెలియని సంగతి లేదని నా గట్టి నమ్మకం. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి సంపాదించిన జ్ఞానం అది. ఎవరి కెమెరా మొరాయించినా, "ఇట్టా తెండి, నేను చూస్తా" అని చెయ్యి చాచేవాణ్ణి. ఇచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ మా కొట్టు వైపు రాలేదు.

మస్తాన్ అన్న ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సగం పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసినవాడు. అయినా ఆయనా, ఆయన భార్య షంషాద్ వదినా కలిసి ఉన్న ఫొటో మాత్రం వాళ్ళింట్లో ఒక్కటీ లేదు. వాళ్ళ పెళ్ళినాడు తీసిన రీలు వెలుతురు తగిలి పాడైపోయిందట. ఆ తర్వాత ఏ శుభకార్యం వచ్చినా అన్న కెమెరా వెనక, వదిన కెమెరా ముందర. "మాకు పెళ్ళయిందనేదానికి సాక్ష్యం నా పిల్లకాయలే" అని వదిన నవ్వుతూ అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ మాట అనగానే ఖాళీ గోడ వైపు చూసేది.

ఆ ఏడు ఎట్టకేలకు అన్న మనసు కరిగింది. "దసరా మర్నాడు కొట్టు మూసేద్దాం. సముద్రం ఒడ్డుకు పోయి మా ఇద్దరికీ ఒక ఫొటో దిగుదాం. కెమెరా వీడు పట్టుకుంటాడు" అన్నాడు. వీడు అంటే నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గురువు ఫొటో శిష్యుడు తీయడమంటే మాటలా?

దసరానాడు కొట్లో ఆయుధ పూజ ఎప్పుడూ నా వంతే. అన్న అడ్డు చెప్పేవాడు కాదు. "నీ పూజ నువ్వు చేసుకోరా. లెన్సును మాత్రం తాకబాక" అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. లెన్సును తాకలేదు, ఒట్టు. మిగతా వాటిలో దేన్నీ వదల్లేదు. ట్రైపాడు, ప్రింటరు, కత్తెర, స్టూలు, షట్టరు తాళం, టీ ఫ్లాస్కు, అన్నిటికీ పసుపూ గంధమూ కలిపి బొట్లు పెట్టి, నడుమ కుంకుమ దిద్దాను. పూజ అయ్యేసరికి కొట్లో ఉన్న సామానంతా పేరంటానికి వచ్చినట్టు కనపడింది. ఆ మురిపెంలో నేను ఏయే తలుపులు తెరిచి ఏయే వస్తువులకు బొట్టు పెట్టానో నాకే గుర్తు లేకపోయింది.

మర్నాడు ఆటోలో బయలుదేరాం. వదిన కొత్త చీర కట్టుకుంది, జడ నిండా మల్లెపూలు పెట్టుకుంది. ఒళ్ళో కెమెరా సంచి, సంచి మీద టిఫిన్ క్యారియరు. అందులో ముందురోజు చేసిన చేపల పులుసు. మా వైపు చేపల పులుసు చేసినరోజున తింటే తొందరపడ్డట్టు లెక్క, మర్నాటికి గానీ దానికి రుచి రాదు.

పొద్దు వాలుతుండగా ఒడ్డున ఆగి ఉన్న ఒక పడవ పక్కన ఇద్దరినీ నిలబెట్టాను. వెలుతురు బంగారంలా ఉంది.

"అన్నా, వదిన పక్కకు ఇంకొంచెం జరుగు."

"చాల్లేరా."

"ఆ పిలగాడు చెప్తా ఉంటే జరగరాదా!" అంది వదిన సిగ్గుపడుతూ.

జరిగాడు. నేను కెమెరా స్విచ్చు నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏందిరా?"

"ఏం లేదన్నా, ఒక్క నిమిషం."

మళ్ళీ నొక్కాను. పట్టి నొక్కాను. మెమరీ కార్డు తీసి పెట్టాను. కెమెరాను ఒళ్ళో పడుకోబెట్టి వీపు తట్టాను. ఈలోగా పడవ మనిషి రమణయ్య వచ్చి నిలబడ్డాడు.

"ఏమబ్బయా, స్టార్ట్ కావటంలా? మా ఇంజనైతే పక్కన ఒక్కటి పీకితే లేస్తది. ఇట్టా తే."

"వద్దు పెద్దాయనా!"

"పోనీ ఫోన్లో తియ్యరాదా?"

దానికి అన్న బదులు చెప్పాడు. "ఊరందరికీ స్టూడియో ఫొటోలు తీసి, నా పెళ్ళానికి ఫోన్లోనా? నువ్వు గమ్మునుండు రమణయ్యా." తర్వాత నావైపు తిరిగాడు. "బ్యాటరీ చూసినావా?"

బ్యాటరీని నేను చూడలేదు. మొన్న చార్జింగు నిండా పెట్టింది నేనే. దాన్ని అనుమానిస్తే నన్ను నేను అనుమానించుకున్నట్టే కదా! చివరికి తప్పక కింద మూత తెరిచి బ్యాటరీ బయటికి తీశాను. కరెంటు అందించే దాని పాయింట్ల మీద ఎండిపోయిన మరక. పసుప్పచ్చగా, మధ్యలో ఎర్రగా ఉంది. సంచిలోంచి రెండో బ్యాటరీ తీశాను. దానిమీద కూడా అదే మరక.

నా బుర్ర పాదరసంలా పనిచేసింది. పనిచేయకపోయినా బాగుండేది.

"పులుసు!" అని అరిచాను. "వదినా, క్యారియరు సంచి మీద పెట్టినారు కదా? పులుసు లోపలికి దిగిపోయింది!"

"పులుసేనబ్బయా. రంగు చూడు, తెలియటంలా!" అన్నాడు రమణయ్య.

"మూత గట్టిగానే బిగించినానే" అంది వదిన.

అక్కడితో నోరు మూసుకున్నా కొంత పరువు దక్కేది. నాలోని పండితుడు ఊరుకోలేదు. "చింతపండు పులుపు ఉంది చూడన్నా, పాయింట్లను తినేస్తది. ఆడోళ్ళకు ఈ సంగతులు తెలియవు" అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా వేళ్ళు వెనక్కి పోతున్నాయి.

అన్న ఎప్పుడూ వదినని పల్లెత్తు మాట అనడు. ఆరోజు అన్నాడు.

"ఇన్నేళ్ళకు ఒక్క ఫొటో దిగుదామనుకుంటిమి. దాన్ని గూడా నువ్వే చెడగొట్టినావే!"

వదిన క్యారియరు తీసుకుని పడవకు అవతల ఇసుకలో కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూసి కూడా, జాలిపడుతున్న పెద్దమనిషిలా తల అడ్డంగా ఊపాను. ఆడలేక మద్దెల ఓటిదన్నవాడు నాకంటే నయం. వాడు కనీసం మద్దెలని ఏడిపించలేదు.

కాసేపటికి వదిన లేచి వచ్చింది. క్యారియరు మూత తీసి అన్న ముందర పెట్టింది. పులుసు అంచుదాకా ఉంది. గిన్నె బయట చుక్క తడి లేదు.

"ఇదో, చూడండి. కారిందా?"

ఆమె నా చేతిలోని బ్యాటరీలు రెండూ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అబ్బయా, నా పులుసులో గంధం వేస్తానా?"

"గంధమేంది వదినా?"

"నువ్వే చూడు వాసన."

చూశాను. గంధమే.

"కారిన పులుసు ఎట్టబడితే అట్ట పారాల గదా? రెండింటి మీదా ఒకటే తావున, ఇంత గుండ్రంగా ఎట్టా పడిందబ్బయా? పడిందే అనుకో. నడుమ కుంకుమ ఎవరు దిద్దినారు? నా పులుసు బొట్టు పెట్టుకుంటదా?"

రమణయ్య సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి. అన్న నావైపు చూశాడు.

"ఏరా?"

"దసరా కదన్నా... కెమెరాకు ప్రాణమంతా బ్యాటరీలోనే కదా అని..."

"రెండో దానికి?"

"దాన్ని ఒక్కదాన్నీ వదిలేస్తే పక్షపాతం అవుతుందని..."

నన్ను అక్కడే ఇసుకలో పీతలా కప్పేసినా బాగుండేదనిపించింది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. వదిన చీరకు పెట్టుకున్న పిన్నీసు తీసి, పాయింట్ల మీది బొట్టును మెల్లగా గీకింది. కొత్త చీర కొంగుతో తుడిచి నాకిచ్చింది. పెట్టి నొక్కగానే, ఏమీ ఎరగనట్టు కెమెరా లేచి కూర్చుంది.

అప్పటికి ఆ బంగారు వెలుతురు పోయింది. ఫ్లాషు బిగించాను.

"షంషాద్, నేను..." అని అన్న ఏదో మొదలుపెట్టాడు.

"ముందు ఫొటోకు నిలబడండి. ఆ సంగతి ఇంటికి పోయినాక చూస్తా" అంది వదిన.

ఫొటో తీశాక ఇసుకలోనే కూర్చుని తిన్నాం. వదిన ముందుగా నాకే వడ్డించింది. పెద్ద ముక్క ఏరి మరీ వేసింది. నేను తలెత్తకుండా తిన్నాను. అంత రుచిగల పులుసు నేను జన్మలో తినలేదు, అంత కష్టంగా దేన్నీ మింగలేదు.

ఆ ఫొటో ఇప్పటికీ స్టూడియోలో ఎదురుగోడకు ఉంది. నేనూ ఇప్పటికీ అక్కడే ఉన్నాను. అందులో అన్న తప్పు చేసినవాడిలా వదిన వైపు చూస్తుంటాడు. వదిన మాత్రం సూటిగా కెమెరా పట్టుకున్నవాడి వైపు చూస్తుంటుంది. వచ్చినవాళ్ళు అడుగుతారు, "అమ్మ ఎవర్ని అట్టా చూస్తా ఉంది?" అని. అన్న తల కూడా ఎత్తకుండా, "ఆ స్టూలు మీద కూర్చోనున్నాడే, వాణ్ణి" అంటాడు.

కనుక సముద్రం సాక్షిగా, పిన్నీసు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మూత తెరిచి లోపలి వస్తువుకు బొట్టు పెట్టను. ఏ వస్తువు పాడైనా ముందు నా చేతులు వాసన చూసుకుంటాను. ఏ ఇల్లాలి వంట మీదా నోరు జారను.

ప్రతి దసరాకీ వదిన ఇంటినుంచి నాకు క్యారియరు నిండా చేపల పులుసు వస్తుంది. దానితోపాటు ఒక కబురు కూడా వస్తుంది: "ముందు దానికి బొట్టు పెట్టి తినమను."

పెట్టే తింటున్నాను. మూత బయటే పెడుతున్నాను లెండి.