మూడు లోపలికి, ఒకటి బయటికి

గిటారు పలక అతికించుకోవడానికి కాజీపేట నుంచి హైటెక్ సిటీకి ఎవరైనా వెళ్లదలిస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అలాంటివాళ్లు లోకంలో ఉండరని మా ఆవిడ అంటుంది. నేను వెళ్లేదాకా ఒక్కడూ లేడు, ఇప్పుడు ఒకడున్నాడు. లెక్క పెరుగుతున్నట్టే కదా.

ఈ ప్రయాణానికి కారణం మా బావ అయిలయ్య, అంటే మా అక్క భర్త. ముప్పై ఏళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించినవాడు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన నుంచి వచ్చాక వేళ్లు మెల్లగా కదిలాయి గానీ బలం రాలేదు. ఆయన తీగ మీటితే వినపడాలంటే ఫ్యాను ఆపి పక్కన కూర్చోవాలి. మైకు పెడదామంటే, "మైకుల ఇనేటట్టయితే రేడియోనే ఇంట గదా!" అని కోప్పడ్డాడు. ఒకరోజు గిటారుకు బొంత చుట్టించి అటక మీద పెట్టించాడు.

నేను రైల్వేలో వడ్రంగిని. గిటార్లు బాగుచేయడం నా పిచ్చి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఓ పాత విదేశీ పత్రికలో ఒక సంగతి చదివాను. గిటారు ముఖాన ఉండే చెక్క ఉంది చూశారూ, తీగల ఊపును మోతగా మార్చేది అదే. మేం పలక అంటాం. దాన్ని ఇప్పుడు ఒకే చెక్కతో కాకుండా మూడు పొరలుగా చేస్తున్నారట. పైనా కిందా అప్పడమంత పల్చని చెక్కలు, మధ్యన తేనెపట్టులాంటి గళ్ల కాగితం. బిగువుగా ఉంటుంది, బరువుండదు, వేలు తగిలితే చాలు పలుకుతుందట. అది చదివిన దగ్గర్నుంచి నా బుర్ర నా మాట వినడం మానేసింది. అటక మీది గిటారుకు ఈ కొత్త ముఖం పెట్టాల్సిందే అనుకున్నాను.

చెక్కకు ఇబ్బంది లేదు. చెదలు పట్టిన ఓ పాత పియానోను వేలం వేస్తే ఎవరూ కొనలేదు, నేను కొన్నాను. దాని కడుపులోని చలిదేశపు చెక్కను కోసి, నెల్లాళ్లు చిత్రిక పట్టి, ఎదురుగా దీపం పెడితే వెలుతురు కనిపించేంత పల్చగా రెండు రేకులు తీశాను. లోపలివైపు రేకుకు అంచు చుట్టూ సన్నని గట్టి చట్రం అతికించాను. ఆ చట్రమే తర్వాత నా కొంప ముంచబోయింది.

ఇక కావలసినవి రెండు. ఒకటి గళ్ల కాగితం, రెండోది గాలి లాగే పంపు. పొరలకు జిగురు పూసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, లోపలి గాలంతా లాగేస్తే బయటి గాలి వాటి మీద కూర్చుంటుంది. అంత సమానంగా నొక్కే బిగింపు ఏ వడ్రంగి దగ్గరా లేదు. వాకబు చేస్తే కాగితం బాలానగర్‌లో ఉందని, పంపు హైటెక్ సిటీలో ఉందని తేలింది. కాజీపేటలో జిగురుంది.

బుధవారం పొద్దున ఐదు నలభైకి పాసింజరు ఎక్కాను. చెక్కరేకులను రెండు అట్టల మధ్య పెట్టి ఒళ్లో పట్టుకున్నాను. జనగామలో కూరగాయల గంపతో ఒకామె ఎక్కి నా ఎదురుగా కూర్చుంది.

"ఏందన్నా అది, ఫోటువనా?"

"చెక్క."

"చెక్కనా? గంత పానంగ పట్టుకున్నవేంది? వడ్లాయనవా నువ్వు?"

అవునన్నాను. అక్కడే తప్పు చేశాను. ఆలేరు నుంచి ఘట్‌కేసర్ దాకా వాళ్లింట్లో విరిగిన మంచం కోడు గురించి తప్ప మరో మాట లేదు. దిగేటప్పుడు రెండు సొరకాయలిచ్చి, "ఎప్పుడొస్తవు మరి?" అని అడిగింది. వస్తానన్నాను. అబద్ధమే.

ఎనిమిది ముప్పావుకు సికింద్రాబాద్. స్టేషన్ ఎదుట ఇడ్లీ తినవచ్చు, చట్నీ మాత్రం రెండోసారి అడగకండి, సర్వరు బాధపడతాడు. అక్కడ బాలానగర్ బస్సెక్కి, అట్టలను నెత్తిమీద ఎత్తిపట్టుకుని దారి పొడుగునా నిలబడ్డాను.

విమానాల భాగాలు చేసేచోట మిగిలిన తుక్కు కొనే ముసలాయన ఒకడు బాలానగర్‌లో ఉన్నాడు. రేకుల షెడ్డు. నాకు కావలసిన గళ్ల కాగితం కిటికీకి మేకులతో కొట్టి ఉంది. దోమతెర బదులట.

"దోమలు ఆగుతున్నాయా తాతా?"

"ఆగుతలేవు బిడ్డా. కాకుంటే వరుసగ వస్తున్నయి."

కాగితం కావాలంటే నన్ను ఎగాదిగా చూశాడు. "గిది ఇమానం రెక్కలల్ల పెట్టేది. గిటారుకెందుకు, ఎగిరిపిస్తవా?"

బావ చెయ్యి సంగతి చెప్పాను. ముసలాయన సుత్తి తీసుకుని ఒక్కో మేకూ పీకాడు. డబ్బు వద్దన్నాడు. నేను ఎదుటి దుకాణంలో అసలు దోమతెర కొని కిటికీకి కట్టి వచ్చాను. రెండు సొరకాయలు కూడా ఆయనకే ఇచ్చాను.

కూకట్‌పల్లిలో సెవన్ సీటర్ ఆటో దొరికింది. పేరులో ఏడుగురున్నా లోపల పదకొండు మందిమి. కొత్తగూడ దాటాక ఎర్రజెండా అడ్డం పెట్టి ఆపేశారు. ముందు బండలు పేలుస్తున్నారు. నలభై నిమిషాలు ఆగాం. ఇంటర్వ్యూకు వెళ్తున్న టై మనిషి ఒకాయన ఆటో అద్దంలో తల దువ్వుకుంటూ, "బండలు పగిల్తే గానీ ఫ్యూచర్ రాదండి" అన్నాడు. అంతలో ఒకటి పేలింది. దువ్విన తల మీద దుమ్ము పడింది. మళ్లీ మొదట్నుంచి దువ్వుకున్నాడు.

పన్నెండుంబావుకు, ఇప్పుడిప్పుడే లేస్తున్న హైటెక్ సిటీలో దిగాను. చుట్టూ బండలు, తుమ్మచెట్లు, మేకలు, మధ్యలో అద్దాల మేడ. మేకలు అద్దంలో తమను చూసుకుని కొమ్ములు విసురుతున్నాయి. ఆ మేడలో ఏసీ మెకానిక్ నర్సింగ్ మా ఊరివాడే. పంపు వాడి చేతిలో ఉంటుంది గానీ కంపెనీది, గేటు దాటి బయటికి రాదు. అందుకని నా చెక్కే లోపలికి పోవాలి.

గేటు దగ్గర మల్లయ్య అనే సెక్యూరిటీ ఆయన కూర్చున్నాడు. మెదక్ దిక్కు మనిషి. నా సామాను బల్ల మీద పరిపించి రిజిస్టరులో రాశాడు: పల్చటి చెక్కలు రెండు, కాగితం ఒకటి. మొత్తం మూడు. జిగురు ట్యూబులు రాయలేదు, అయిపోయేవి రాయరట. నేను సంతకం పెట్టాను.

కింది మిషను గదిలో జిగురు పూశాం. మూడింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి సంచిలో పెట్టి అంచులు మూశాం. "గింత మేడకు సల్లగాలి పంపెటోన్ని, గీ సంచిల గాలి గుంజుడు నాకొక లెక్కనా!" అంటూ నర్సింగ్ మీట నొక్కాడు. సంచి ముడుచుకుని చెక్కకు చర్మంలా అంటుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. గాలి ఉండకూడనిది సంచిలో, నాలో కాదని కాసేపటికి గుర్తొచ్చింది.

జిగురు ఆరాలంటే తెల్లవారాలి. పంపును రాత్రి డ్యూటీవాళ్లకు అప్పగించి, హఫీజ్‌పేట్‌లో నర్సింగ్ కిరాయి గదిలో పడుకున్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఇంతకంటే మంచి బస ఆ చుట్టుపక్కల నాకు తెలియదు.

గురువారం ఎనిమిదిన్నరకు సంచి కోశాం. పలక బయటికొచ్చింది. నిజంగా చెబుతున్నాను, కళ్లు మూసుకుని ఎత్తితే చేతిలో ఏమైనా ఉందో లేదో తెలియదు. సంతోషంగా గేటు దగ్గరికి నడిచాను.

మల్లయ్య రిజిస్టరు తిరగేసి నన్ను చూశాడు. "లోపటికి మూడు వోయినయి. బయటికి ఒకటే వస్తున్నది. కడమ రెండు ఎటువోయినయి?"

"మూడూ ఇందులోనే ఉన్నాయన్నా. అతికించాం."

"చూపెట్టు."

పక్కకు తిప్పి చూపబోయాను. అంచు చుట్టూ నేను పెట్టిన చట్రం. ఎటు తిప్పినా ఒకే చెక్క. నర్సింగ్ వచ్చి ఒట్టేశాడు. మల్లయ్య కదల్లేదు.

"నీ మీద అనుమానం కాదన్నా. మొన్న రెండు కుర్చీలు తక్కువైతే మా తోటోని నౌకరీ వోయింది. నాకు ఇద్దరు పిల్లలున్నరు."

అడ్మిన్ ఆఫీసరును పిలిపించారు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు. "మీ మాట నమ్ముతున్నానండి. కానీ రికార్డులో మూడు ఐటమ్స్ ఇన్ ఉన్నాయండి. రెండు వేస్టయిపోయాయని రాయిద్దామంటే స్క్రాప్ చూపించాలండి."

"వేస్టు కాలేదు సార్, ఇందులో ఉన్నాయి."

"అయితే మళ్లీ మూడుగా విడదీసి పట్టుకెళ్లండి. ప్రాబ్లమే లేదండి."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నెల్లాళ్ల చిత్రిక, ముసలాయన పీకిన మేకులు, అటక మీది బొంత, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. వదిలేసి పోవడమా, పగలగొట్టి చూపడమా? పలకను గుండెకు ఆనించుకుని అలాగే కూర్చున్నాను. అప్పుడు కనబడింది, పెన్సిలు గీత. గిటారు నోటికి కోయాల్సిన రంధ్రం కోసం ఇంట్లో గీసుకున్న గుండ్రం. ఆ రంధ్రం చుట్టూ కూడా లోపల గట్టి చెక్క పెట్టాలి, నేను మరిచిపోయాను. రాత్రి గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు అక్కడ కోస్తే పొరలు బయటపడతాయి, నా మతిమరుపుకు దండం పెట్టాలనిపించింది.

"ఇక్కడే కోస్తాను" అని నా చేతిసంచిలోంచి తొలిచే బరమా, సన్నరంపం తీశాను.

"గీ రంపం రాయలేదు గదా నిన్న?" అన్నాడు మల్లయ్య. మళ్లీ తనే, "సరే, ముందుగల కొయ్యి. తర్వాత అడుగుత" అన్నాడు.

పై రేకు చిట్లితే అంతే సంగతులు. అరగంట కోశాను. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలంతా కంప్యూటర్లు వదిలేసి గేటు దగ్గర మూగారు. కింద పడకుండా ఆ గుండ్రటి బిళ్లను మల్లయ్యే అరచేత్తో పట్టుకున్నాడు. ఊడింది. చిట్లలేదు. ఆయన దాని అంచు మీద గోరు పెట్టి లెక్కపెట్టాడు. "ఒకటి. గీ గళ్లు రెండు. మూడు." మొహం విచ్చుకుంది. "ఉన్నయి సార్! మూడున్నయి!"

ఆఫీసరు బిళ్లను, పలకను మార్చి మార్చి చూశాడు. "కానీ ఇప్పుడు ఐటమ్స్ రెండయ్యాయండి."

చివరికి మల్లయ్యే, "బిళ్ల ఈడనే ఉంటది సార్, సాక్ష్యం" అని దానికి దారం గుచ్చి రిజిస్టరుకు కట్టేశాడు. 'మూడు బయటికి, ఒకటిగా' అని రాశాడు. రంపం సంగతి అడగడం మరిచిపోయాడు.

పది యాభైకి హఫీజ్‌పేట్‌లో పాసింజరు, ఒంటిగంటకు సికింద్రాబాద్‌లో కాజీపేట బండి. నా తర్వాత వెళ్లేవాళ్లకు చెప్పేదొకటే. హైటెక్ సిటీలో అందరూ మంచివాళ్లే, రిజిస్టరు ఒక్కటే కొంచెం గట్టిది. అంకె మారే పని మాత్రం పెట్టుకోకండి.

నాలుగింటికి కాజీపేట. ప్లాట్‌ఫారం బెంచీ మీద బావ ఉన్నాడు. పడిపోయాక ఆయన స్టేషన్ దాకా రావడం అదే మొదలు.

"గింత దానికి రెండు దినాలా? మళ్ల బొక్క గూడ వెట్టినవు."

పలకను అంచు దగ్గర రెండు వేళ్లతో వేలాడదీసి ఆయన ముందు పట్టుకున్నాను. కుడిచెయ్యి ఒళ్లోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. చూపుడువేలు చెక్క మీద అలా వాలింది, అంతే. ధిమ్మంది. ఫ్లాస్కుతో వెళ్తున్న చాయ్ మనిషి ఆగి వెనక్కి చూశాడు.

బావ నా మొహం చూడలేదు. ఇంకోసారి తట్టాడు. మళ్లీ తట్టాడు. తర్వాత అన్నాడు.

"ముందుగాల ఇంటికి పోయి మీ అక్కకు చెప్పు. ఆ బొంత ఇప్పుమను."