మా చెలక మీద రన్‌వే

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు పెడుతున్నాను.

మాది చిలుకూరు దగ్గర పల్లె. ఒకప్పుడు ఊళ్ళో మమ్మల్ని దొరలనేవాళ్ళు. మేముండే గడి కూలింది, భూములు పోయాయి, పిలుపు మిగిలింది. అదీ ఇప్పుడు ఎగతాళికే.

చివరికి మిగిలిన మెట్ట చేనును, మా చెలకను, మా అక్క భర్తే దగ్గరుండి అమ్మి పెట్టాడు. అందులో మా నాన్న సమాధి ఉండేది. మా ఇంటివాళ్ళకు ఊరి శ్మశానంతో పని లేదు. ఎవరు పోయినా సొంత భూమిలోనే దహనం, అక్కడే సమాధి, పెద్దలకు పెట్టే పెత్రమాస అమావాస్య నాడు దాని ముందే విస్తరి. సమాధిని కదిలించకూడదని అమ్మేటప్పుడే బావ దగ్గర మాట తీసుకున్నాను. చెలక ప్లాట్లయ్యాక అడిగితే, రోడ్డు అడ్డం పడిందని, రాళ్ళు మర్యాదగా తీసి కృష్ణలో కలిపానని బావ చెప్పాడు. అప్పటి నుంచి పెత్రమాస వస్తే నాన్నకు విస్తరి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

ఊరికి వెళ్ళడం మానేశాను. కానీ నాకు కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడే అలవాటుంది. పైనుంచి వెళితే కింద ఎవరూ తలెత్తి నవ్వరు. అందులోని నేల ఉపగ్రహ చిత్రాలతో చేసింది. మా వైపు చిత్రం పాతది, ప్లాట్లు పడకముందుది. మా చెలక చెక్కుచెదరకుండా ఉంది. దాని మీద తూర్పు ముఖంగా ఒక రన్‌వే వేసుకున్నాను.

మిర్యాలగూడ మీద గాల్లోనే మొదలుపెట్టేవాణ్ణి. రైసు మిల్లులు వెనక్కి పోయాక విమానం ముక్కు తూర్పుకు పెట్టి, హుజూర్‌నగర్ దాటాక ఎత్తూ వేగమూ తగ్గించుకుంటూ రావాలి. రన్‌వే సన్నని గీతలా కనిపించినప్పుడే విమానాన్ని దానికి సూటిగా నిలపాలి. దగ్గరికొచ్చాక దిద్దుకుందామంటే కుదరదు. ఈ పని నాకు బాగా వచ్చు.

మా చెలక మీద మాత్రం రాలేదు. చివరిదాకా సూటిగా వచ్చేది. నేల తాకబోయే ముందు ముక్కు ఎడమకు తిరిగేది. ముక్కును కుడికి తిప్పే కుడి కాలి పెడలు పూర్తిగా తొక్కినా ఆగేది కాదు. రన్‌వే పక్కన, వాగు మలుపు దగ్గర, ఉత్త బీడులో కూలేది. ప్రతిసారీ అదే చోటు.

గాలి సున్నా పెట్టాను. పెడళ్ళు మార్చాను, విమానం మార్చాను. అదే పెడళ్ళతో శంషాబాద్‌లో తిన్నగా దిగేవాణ్ణి.

కోదాడలో కంప్యూటర్ల దుకాణం నడిపే ప్రసాద్ గారికీ ఈ పిచ్చి ఉంది. నా రన్‌వే ఫైలు తీసుకెళ్ళి ఆయన మెషీన్లో వేశాం.

"ఏంటండీ, మీ పొలం మిమ్మల్నే దిగనివ్వట్లేదా? పక్కకి జరగండి, నేను దింపుతా," అని నవ్వుతూ కూర్చున్నాడు.

ఆయన విమానమూ వాగు మలుపు దగ్గరే కూలింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ అక్కడే. నవ్వడం మానేసి ఫైలు తుడిచేశాడు. "ఇంకోసారి దీన్ని నా దగ్గరికి తేకండి," అన్నాడు.

ఈ సంగతి బావ దాకా పోయింది. బంధువుల పెళ్ళిలో పంక్తి భోజనాల మధ్య గొంతు పెంచాడు.

"ఏం బామ్మర్ది, భూమి వోయినా ఇమానం దిగుతున్నవట! ముందుగాల జర చెప్పు, ఊర్ల డప్పు కొట్టిస్త."

పంక్తంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. నేను విస్తరి ముందు నుంచి లేవలేదు. తినడం పూర్తి చేసే లేచాను.

తర్వాతి ఆదివారం, కూలే చోటును ఫోన్లోని మ్యాపులో గుర్తు పెట్టుకుని, కోదాడలో బస్సు దిగి ఆటోలో వెళ్ళాను. అక్కడ ఒక రేకుల ఇల్లు ఉంది. దాని వెనక మరుగుదొడ్డి గుంట, గుంట మీద మూతగా నల్లరాయి. ఇంటామె లక్ష్మమ్మ ఆ రాయి మీద నిలబడి బట్టలు పిండుతోంది.

"ఏంది సారు, గట్ల సూస్తున్నవ్? ప్లాటు కొంటవా?"

రాయి ఎక్కడిదని అడిగాను.

"రోడ్డేసేటప్పుడు మేస్త్రి ఇచ్చిండు. సాఫుగ ఉన్నదని ఏసుకున్నం. లేపకు సారు, వాసనొస్తది."

లేపించాను. ఆమె భర్త గడ్డపార పెట్టి ఒక పక్క ఎత్తాడు. గుంటలోకి చూస్తున్న వైపు, తడి కింద, మా నాన్న పేరు చెక్కి ఉంది.

అక్కడి నుంచే బావకు ఫోన్ చేశాను. ఆయన తడబడలేదు.

"ఒకటి ఆడ్నే ఉండిపోయినట్టుంది, ఏమైతది? గంత బాధుంటె నీ ఇంటికి తీస్కపో. కిరాయిల్లు గదా, ఓనరును అడుగు ముందుగాల. లేకుంటె ఊరి శ్మశానం ఉండనే ఉన్నది. దొరలు గూడ పడ్తరు గాడ."

ఫోన్ పెట్టేశాను. సమాధి రాయిని ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. నా పేరున జానెడు నేల లేదు. ఊరి శ్మశానానికి మోయించే మాట నా నోట రాలేదు.

లక్ష్మమ్మ భర్త ఇంకా గడ్డపార మీద రాయిని ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

"జల్ది చెప్పు సారు, బరువున్నది," అంది ఆమె. "మూత లేకుంటె పిల్లలు పడ్తరు. పేరు పైకి ఎయ్యాల్నా, కిందికా?"

పైకి వేస్తే రోజూ ఆ పేరు మీద కాళ్ళు పడతాయి. వచ్చినవాళ్ళంతా చదువుతారు. కిందికి వేస్తే దాని ఎదుట ఏముంటుందో గుంటలోకి చూశాను.

"కిందికే," అన్నాను.

ఆ ఏడు పెత్రమాసకు విస్తరి కట్టుకుని ఆ ఇంటి వెనక దాకా వెళ్ళాను. రాయి మీద బోర్లించిన గిన్నెలున్నాయి. వాటిని తీయమని అడగలేక తిరిగి వచ్చాను.

ఆ పాత ఉపగ్రహ చిత్రంలో ఇల్లు లేదు, గుంట లేదు. రాయి అక్కడుందని నాకు తెలియదు, ప్రసాద్ గారికి అసలే తెలియదు. విమానం అక్కడికే ఎందుకు పోయేదో ఎంత లెక్క వేసినా నాకు అందలేదు.

రాయి వేయించి వచ్చిన రోజు నుంచి అది ఎడమకు లాగడం మానేసింది. అలవాటు కొద్దీ చివర్లో ఇప్పటికీ కుడి పెడలు తొక్కుతాను. ఎదురు లాగేది లేక విమానం కుడికి పోతుంది.